కాచిన నీళ్ళు

భార్య మణెమ్మ దినాలు ఊళ్ళో ముగించుకుని సాయిలు రాయదుర్గం గుట్టల కింది రేకుల షెడ్డుకు తిరిగి వచ్చేసరికి, మేస్త్రీ అతని కోసమే కాచుకున్నట్టు గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు.

"ఎట్ల జేద్దామనుకుంటున్నవ్ సాయిలూ?"

"ఏమున్నది? రేపటి సంది పనిలకు వస్త."

"పని సంగతి గాదు. ఈ షెడ్లు జోడీలకిచ్చినయి. నువ్వు ఒక్కనివైతివి. ఆ మీదికున్న షెడ్డుల పెండ్లిగాని పోరగాండ్లున్నరు గద, ఆళ్ళతోని ఉందువు. జర సోంచాయించుకో."

సరేనన్నాడు సాయిలు. మేస్త్రీ మీద కోపం రాలేదు. అతను చెప్పింది అక్కడి రివాజే.

ఆ రోజుల్లో మాదాపూర్, రాయదుర్గం చుట్టూ బండలు పేల్చి కంప్యూటర్ ఆఫీసుల కోసం మేడలు లేపుతున్నారు. పాలమూరు పల్లెల నుంచి మేస్త్రీలు కూలీలను జోడీల లెక్కన తెచ్చేవాళ్ళు. మొగుడూ పెళ్ళాం కలిస్తే ఒక జోడీ. మొగుడు సెంట్రింగ్ చెక్కలు కొడితే పెళ్ళాం కాంక్రీటు తట్ట మోసేది. కొడంగల్ అవతలి పల్లె నుంచి సాయిలూ మణెమ్మా అలాగే వచ్చారు.

మధ్యాహ్నం బువ్వ వేళకు ఎవరి జోడీ వాళ్ళు నీడ చూసుకుని సద్ది మూట విప్పుకునేవారు. పెళ్ళికాని కుర్రాళ్ళు ఒకచోట చేరి పేకాడుకునేవారు. ఇప్పుడు సాయిలుకు ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు. పనిలోకి వెళ్ళిన మొదటి రోజు ఇసుక కుప్ప వెనక నిలబడే తిన్నాడు. పొద్దున హాజరులో మేస్త్రీ పిలవడం తప్పితే సాయంత్రం దాకా అతని పేరు ఎవరి నోటా వినపడలేదు. ఆ మాటకొస్తే మణెమ్మ కూడా పేరు పెట్టి పిలిచేది కాదు. "ఓయ్" అనేది. పై అంతస్తు నుంచి ఆ కేక వినపడితే కింద చెక్కలు కొట్టే మగవాళ్ళందరూ తలెత్తి చూసి నవ్వుకునేవాళ్ళు.

కామెర్లు ముందు వచ్చింది సాయిలుకే. ఉగాది వెళ్ళాక ఒకనాడు కళ్ళు పచ్చబడ్డాయి. అన్నం వాసన చూస్తేనే డోకు వచ్చేది. మణెమ్మ అప్పటికి అయిదో నెల కడుపుతో ఉంది. ఆ ఒంటితోనే అతన్ని బస్సెక్కించి మూసాపేటలో పసరు పోసే ముసలాయన దగ్గరికి తీసుకుపోయింది. ఉప్పులేని మెతుకులు మజ్జిగలో పిసికి దగ్గర కూర్చుని తినిపించింది. కొన్నాళ్ళకు అతను లేచి పనిలోకి వెళ్ళాడు. షెడ్లలో ఇంకా చాలామందికి వచ్చి పోయాయి. ఎండాకాలం కామెర్లు మామూలే కదా అని ఎవరూ ఫికర్ చేయలేదు.

మణెమ్మకు వచ్చినవి మాత్రం అలా పోలేదు. వాంతులతో మొదలై మాట తడబడింది. సాయిలును పట్టుకుని తన అన్న పేరుతో పిలిచింది. ఆటోలో వేసుకుని పెద్ద దవాఖానకు తీసుకుపోయేసరికి తెలివి లేదు. మళ్ళీ కళ్ళు తెరవలేదు. కడుపులో బిడ్డా దక్కలేదు. ఆ వారంలోనే చివరి షెడ్డులో మరో గర్భిణి అలాగే పోయింది.

ఊళ్ళో కాటి దగ్గర మణెమ్మ తల్లి బాలమ్మ నలుగురిలో అతని రొమ్ము మీద గుద్దింది. "నీ రోగం నా బిడ్డకంటించి నువ్వు లేచి తిరుగుతున్నవ్ గదరా!" అని అరిచింది. సాయిలు తల వంచుకున్నాడు. ఆ మాట తప్పని అతనికి అనిపించలేదు. అందుకే ఊళ్ళో ఉండలేక వచ్చేశాడు.

అతను వచ్చిన కొద్ది రోజులకు సర్కారు జీపు ఒకటి షెడ్ల దగ్గర ఆగింది. అందులోంచి దిగిన డాక్టరు వాసంతి గోదావరి జిల్లా మనిషి, ఉద్యోగానికి కొత్త. కామెర్లు వచ్చిన వాళ్ళ దగ్గర రక్తం తీయించి, ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి మాట్లాడింది.

"నీళ్ళు కాచి చల్లార్చుకుని తాగండమ్మా. ఇది నీళ్ళ వల్ల వచ్చే జబ్బు."

షెడ్లలో అందరికన్నా పెద్దది పోచమ్మ. కొడుకూ కోడలూ పనికిపోతే వాళ్ళకు వండిపెడుతూ ఉండేది. ఆమె నవ్వింది.

"బువ్వ వండుకునేతందుకే కట్టెల్లేవమ్మా. బిందెల కొద్ది నీళ్ళెట్ల కాస్తం? పొద్దుగూకి ఇంటికొచ్చినోళ్ళు ఎప్పుడు కాస్తరు, ఎప్పుడు సల్లారాలె, ఎప్పుడు తాగాలె?"

డాక్టరు జీపు దాకా వెళ్ళి వచ్చింది. బ్లీచింగ్ పౌడర్ డబ్బా ఒకటి ఇచ్చి, డ్రమ్ముకు ఎంత కలపాలో పోచమ్మకు చూపించింది. అందరూ వెళ్ళిపోయాక కూడా సాయిలు జీపు దగ్గరే నిలబడ్డాడు.

"మేడం, ఒక్క మాట. కామెర్లు ముందుగాల నాకొచ్చినయి. నేను లేచిన. తర్వాత నా భార్యకొచ్చినయి. నా నుంచే అంటినయా?"

ఆమె అతని ముఖంలోకి చూసింది. "మీ భార్యేనా, మొదట పోయినావిడ?"

"ఔ."

"చూడండి, ఇది మనిషి నుంచి మనిషికి అంటడం చాలా తక్కువండి. మీరు తాగిన నీళ్ళే ఆవిడా తాగింది. ఒకళ్ళకి ముందు బయటపడుతుంది, ఒకళ్ళకి తరవాత. మామూలు వాళ్ళయితే తట్టుకుంటారు. కడుపుతో ఉన్నవాళ్ళకి మాత్రం ప్రాణం మీదకి వస్తుంది. ఎందుకో మాకూ పూర్తిగా తెలీదు."

"మందు లేదా?"

"లేదండి. నీళ్ళు మంచివైతే అసలు రాదు. అంతే."

"మరి ఆ నీళ్ళు ఎక్కడికెల్లి తెస్తున్నరో మీరు చూస్తరా?"

"అడిగాను. వాటర్ బోర్డు నీళ్ళే పోయిస్తున్నామంటున్నారు మీ సైటువాళ్ళు. నేను పైకి రాశాను, వచ్చి చూస్తారు." ఎప్పుడని అతను అడగలేదు. ఆమె చెప్పనూ లేదు.

ఆ సాయంత్రం సాయిలు తన షెడ్డులో కూర్చుని డాక్టరు మాటలు మళ్ళీ మళ్ళీ మనసులో చెప్పుకున్నాడు. తన నుంచి కాదు. నీళ్ళ నుంచి. బరువు దిగుతుందనుకున్నాడు. దిగలేదు. ఇన్నాళ్ళూ తనను తాను తిట్టుకుంటూ పొద్దు గడిపాడు. ఇప్పుడు ఆ పనీ లేకుండా పోయింది. రేకుల కింద ఒక్కడే మిగిలాడు.

బ్లీచింగ్ డబ్బా త్వరలోనే అయిపోయింది. రెండోది రాలేదు. షెడ్లకు నీళ్ళు తెచ్చే ట్యాంకరు మాత్రం రోజూ వచ్చి సిమెంటు తొట్టి నింపి పోతూనే ఉంది. సాయిలు పోచమ్మ దగ్గరికి వెళ్ళాడు.

"అవ్వా, ఆ ట్యాంకర్ వెంబడి పోయి చూసొస్త."

పోచమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఆమె కోడలు కూడా అప్పుడు కడుపుతోనే ఉంది. చేట పక్కన పెట్టి లేచింది. "నేను గూడ వస్త బిడ్డా. నువ్వొక్కనివి పోయి అడిగితే తన్ని ఎల్లగొడ్తరు. ముసల్దాన్ని తన్నరు."

డ్రైవరు పుప్పాలగూడ వైపు పోతున్నానంటే, అక్కడ చుట్టాలున్నారని చెప్పి ఇద్దరూ ట్యాంకరు ఎక్కారు. అది బోర్డు నీళ్ళు నింపే చోటికి పోలేదు. పుప్పాలగూడకే పోయి, ఊరి బయట పాత బావి దగ్గర ఆగింది. చుట్టూ ప్లాట్ల హద్దురాళ్ళు. మధ్యలో రాతి మెట్ల బావి, దాని మీద మోటారు. మోటారు గది నీడలో భాగ్యమ్మ అనే ఆమె కూర్చుని ఉంది. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల పొలమంతా వాళ్ళదే. అమ్మేయగా మిగిలింది బావి ఒక్కటే. దాని నీళ్ళు ట్యాంకర్లకు అమ్మే వ్యవహారం ఆమె మరిది కొడుకు చూసుకుంటాడు. మోటారు వేయడం, ఆపడం ఆమె పని.

చాలా రోజులకు మాట్లాడే మనుషులు వచ్చారన్న సంతోషంతో ఆమె పక్కనున్న కుండలో చెంబు ముంచి ఇచ్చింది. "తాగున్రి. మా మామ తవ్విపిచ్చిన బాయి. చక్కెర లెక్కుంటయి నీళ్ళు."

సాయిలు చెంబు పట్టుకున్నాడు గానీ తాగలేకపోయాడు. తాగకపోవడానికి కారణం పోచమ్మ చెప్పింది. భాగ్యమ్మ ముఖం ఎర్రబడింది.

"నా బాయి మనుషులను సంపుతదా? నేను తాగుతలేనా? నాకేమైంది?"

"కోపం జేయకమ్మా," అన్నాడు సాయిలు. "ఒక్కపారి మెట్లు దిగి చూద్దాం."

అతను దిగి చూశాడు. గట్టు పైవైపు ఇంకో మేడ కడుతున్నారు. అక్కడి కూలీలకు బండ పక్కన గుంటలు తీసి మరుగుదొడ్లు కట్టారు. ఆ వైపు బావి గోడ రాళ్ళ సందుల్లోంచి నల్లటి తడి సన్నగా కారుతోంది. వాసన దగ్గరికి పోకుండానే తెలుస్తోంది. అతను పిలిస్తే భాగ్యమ్మ గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగింది. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత ఆ మెట్టు మీదే కూలబడింది.

"మోకాళ్ళ నొప్పులతోని ఇటు దిగుడే బందైంది. మీద కూసోని మోటర్ ఒత్తుత, నీళ్ళు పోతయి. బాయి ఎట్లున్నదో చూసినోళ్ళు లేరు." కొంగు తీసి అతని వైపు తిరిగింది. "నీ భార్య గూడ గీ నీళ్ళే తాగిందా?"

సాయిలు తలూపాడు. ఆమె పైకి వచ్చి మోటారు ఆపేసింది. ట్యాంకరు సగమే నిండింది. డ్రైవరు అరిచినా వినిపించుకోలేదు.

కానీ మర్నాడు ట్యాంకరు ఎప్పటిలాగే నిండుగా వచ్చింది. మరిది కొడుకు వచ్చి మోటారు వేయించాడట. ఇంజనీరుకు చెబుదామని సాయిలు ఆఫీసు గదికి పోతే, లోపలికి రానివ్వలేదు.

"గిట్ల ఒక్కనివి తిరిగితే ఎవ్వడు ఇనడు," అన్నది పోచమ్మ. "నాలుగో స్లాబ్ ఎప్పుడు పోస్తున్నరు?"

స్లాబు రోజు తట్ట ఎత్తొద్దని చెబుతూ ఆమె షెడ్డు షెడ్డుకూ తిరిగింది. ఒప్పుకోని వాళ్ళూ ఉన్నారు. మేస్త్రీ పని పోగొడితే ఎట్లా అన్నారు. పోచమ్మ ఎవరినీ తిట్టలేదు. పోయిన ఇద్దరి పేర్లు చెప్పి, ఆ తర్వాత షెడ్లలో ఇప్పుడు కడుపుతో ఉన్నవాళ్ళ పేర్లు చెప్పేది. అంతే చెప్పి పక్క షెడ్డుకు పోయేది.

స్లాబు రోజు వచ్చింది. సిమెంటు కలిపే మిల్లర్ తిరగడం మొదలైంది. మొదటి మాలు దిగింది. ఎత్తుకునే వాళ్ళు లేరు. ఆడవాళ్ళందరూ తట్టలు బోర్లించి వాటి మీద కూర్చున్నారు. వాళ్ళ వెనక మగవాళ్ళు నిలబడ్డారు. సైటు ఇంజనీరు ఉదయ్ భాస్కర్ గబగబా మెట్లు దిగి వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, ఎప్పుడూ గట్టిగా మాట్లాడి ఎరగడు.

"ఏంటమ్మా ఇది? స్లాబు మధ్యలో ఆగితే మాలంతా గట్టిపడి పాడవుతుందని మీకు తెలుసు కదా!"

"తెలుసు సారూ," అన్నది పోచమ్మ. "గందుకే ఇయ్యాల గూసున్నం."

"సరే, రేపు కూర్చుని మాట్లాడుకుందాం."

"రేపు స్లాబ్ లేదు గద సారూ."

నీళ్ళ సంగతి చెబితే అతను నమ్మలేదు. "బోర్డు నీళ్ళేనండి. కాంట్రాక్టరు బిల్లులు కూడా ఇస్తున్నాడు."

"కాదు బిడ్డా. నా బాయి నీళ్ళు." ఆ మాట గుంపు చివర నుంచి వచ్చింది. భాగ్యమ్మ ఆటో దిగి కర్ర పట్టుకుని నడిచి వస్తోంది. పోచమ్మ కబురు పంపింది కానీ ఆమె వస్తుందని ఎవరూ అనుకోలేదు. "మా పిల్లగాడు అమ్ముతున్నడు. దాంట్ల దొడ్డి నీళ్ళు దిగుతున్నయి. నా కండ్లతోని చూసిన. కావాల్నంటే నడువు, చూపిస్త."

ఉదయ్ భాస్కర్ ఏదో అనబోయాడు. అప్పుడు సాయిలు ముందుకు వచ్చాడు. నలుగురిలో మాట్లాడటం అతనికి అలవాటు లేదు.

"సార్, నా భార్య మూడో స్లాబుకు తట్ట మోసింది. నాలుగో దానికి లేదు."

మిల్లర్ ఊరికే తిరుగుతోంది. ఇంజనీరు దాన్ని ఆపమని సైగ చేశాడు. ఆఫీసు గదిలోకి వెళ్ళి చాలాసేపు ఫోన్లలో మాట్లాడాడు. మధ్యాహ్నానికి వేరే ట్యాంకరు వచ్చింది. దిగిన మాలు గట్టిపడి పారబోయాల్సి వచ్చింది.

"నన్ను నమ్మమని అడగను," అన్నాడతను పోచమ్మతో. "రోజూ మీలో ఎవరో ఒకరు ట్యాంకరు వెంట వెళ్ళండి. ఎక్కడ నింపుతున్నారో మీరే చూసుకోండి."

అప్పటి నుంచి ఆడవాళ్ళు వంతులు వేసుకుని ట్యాంకరులో డ్రైవరు పక్కన కూర్చుని వెళ్ళేవారు. బ్లీచింగ్ పౌడరు సైటు ఖర్చులో రావడం మొదలైంది. సంగతి తెలిసి డాక్టరు వాసంతి మళ్ళీ వచ్చింది. నీళ్ళు పరీక్ష చేసి సంతోషించింది గానీ ఒక మాట అన్నది. పాత నీళ్ళు ఒంట్లో ఉన్నవాళ్ళు ఇంకా కొన్నాళ్ళు జబ్బు పడుతూనే ఉంటారు, కడుపుతో ఉన్నవాళ్ళకు మాత్రం కాచిన నీళ్ళే పట్టించమన్నది.

"అందరికి కాచలేం గని, కడుపుతోటోళ్ళకు కాయలేమా?" అన్నది పోచమ్మ. సెంట్రింగ్‌లో విరిగిన చెక్కముక్కలు తీసుకోవడానికి ఇంజనీరు ఒప్పుకున్నాడు. పొద్దున్నే లేచి పొయ్యి ముట్టించేది ఎవరన్న దగ్గర అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరి వంట, ఎవరి పిల్లలు వాళ్ళకున్నారు.

"నేను జేస్త," అన్నాడు సాయిలు. "నాకు పొద్దుగాల ఏం పనున్నది?"

పొయ్యి అతని షెడ్డు ముందే పెట్టారు. మేస్త్రీ ఇక షెడ్డు ఖాళీ చేయమనలేదు. తెల్లవారే లోపల సాయిలు పెద్ద గంజు నిండా నీళ్ళు మరిగించేవాడు. దించి మూత పెట్టేవాడు. ముందు రోజు కాచి ఇంకో గంజులో చల్లార్చినవి చెంబుతో పోసేవాడు.

మొదట్లో ఒకరిద్దరు వచ్చి పట్టుకుపోయారు. తర్వాత రావడం మానేశారు. ఎందుకో అతనికి అర్థం కాలేదు. ఒక షెడ్డులో అత్త కోడలితో అంటున్న మాట చెవిన పడ్డాక తెలిసింది. "పెండ్లాం కడుపుతోని సచ్చినోడు. వాని చేతి నీళ్ళు నిండు మనిషి తాగుతదా?"

పోచమ్మకు తెలిసి కొట్లాటకు బయల్దేరింది. సాయిలు అడ్డం నిలబడ్డాడు.

"వద్దవ్వా. ఆళ్ళ భయం ఆళ్ళది. నీళ్ళు తాగుడు ముఖ్యం. నేను ముట్టియ్యను. కాచి పెట్టి అవతలికి పోత. ఆళ్ళే ముంచుకుంటరు."

మర్నాటి నుంచి అలాగే చేశాడు. చల్లారిన నీళ్ళ గంజు మీద మూత పెట్టి, పక్కన కడిగిన చెంబు బోర్లించి, గుట్ట ఎక్కి ఒక బండ మీద కూర్చునేవాడు. అప్పుడు వాళ్ళు ఒక్కరొక్కరే వచ్చేవాళ్ళు. తలెత్తి ఎవరూ అతని వైపు చూసేవారు కాదు. పైనుంచి అతను వాళ్ళ నడకను బట్టి ఎవరికి ఎన్నో నెలో పోల్చుకునేవాడు. చివరి మనిషి పోయాక దిగివచ్చి, పొయ్యి ఆర్పి పనికి పోయేవాడు. దూరంగా కట్టిన మేడ అద్దాలకు ఎండ తగిలి మెరిసేది.

వానాకాలంలో ఇంకా కొందరికి కామెర్లు వచ్చాయి. ఒక గర్భిణికి కూడా వచ్చింది. ఈసారి పసరు కోసం తిరగకుండా కళ్ళు పచ్చబడ్డ రోజే వాసంతి దవాఖానకు పంపింది. ఆమె బతికింది. బిడ్డ మాత్రం నెలలు నిండకముందే పుట్టి పోయింది. ఆ తర్వాత షెడ్లలో ఎవరూ పోలేదు. పోచమ్మ కోడలు పురిటికి ఊరికి వెళ్ళి ఆడపిల్లను కన్నది. మనుమరాలిని చూడటానికి వెళ్ళిన పోచమ్మ, పిల్లను చూసుకునే వాళ్ళు లేక అక్కడే ఉండిపోయింది. సాయిలుకు మాట్లాడే ఒక్క మనిషీ దూరమైంది.

దసరాకు షెడ్లు ఖాళీ అయ్యాయి. సాయిలు కూడా బస్సెక్కి అత్తగారి ఊరు వెళ్ళాడు. బాలమ్మ అరుగు మీద కందులు చెరుగుతోంది. అతన్ని చూసి చేట ఆపలేదు. అతను కింద కూర్చుని, డాక్టరు చెప్పింది, బావిలో చూసింది, స్లాబు రోజు జరిగింది, అన్నీ చెప్పాడు. ఆమె చివరి దాకా విన్నది.

"అయితే నీ నుంచి గాదంటవ్."

"డాక్టరమ్మ అన్నది అత్తా."

"మరి నీకు పోయినయి గద. దానికెందుకు పోలే?"

"కడుపుతోని ఉన్నోళ్ళకు అట్లనే అయితదంట. ఎందుకో ఆమెకు గూడ తెల్వదంట."

చేటలో కందులు కదలడం ఆగింది. "నేను నలుగుర్ల అన్న మాట. వాపస్ ఎట్ల తీసుకోవాల్నో నాకు తెల్వది సాయిలూ."

"తీసుకొమ్మని రాలేదత్తా. నీకు తెలియాలని వచ్చిన."

ఆమె లేచి లోపలికి వెళ్ళి కంచంలో బువ్వ పెట్టి తెచ్చింది. అతను తింటున్నంతసేపూ ఎదురుగా కూర్చున్నది. ఉండమని అనలేదు. అతను బయల్దేరితే వాకిలి దాకా వచ్చింది.

తిరిగి వచ్చేసరికి షెడ్లలో చాలామంది ఇంకా రాలేదు. అయినా అలవాటు కొద్దీ మర్నాడు పొద్దున్నే లేచి నీళ్ళు కాచాడు. కాచిన గంజు దించి, చల్లారిన నీళ్ళ మీద మూత సర్ది గుట్ట వైపు అడుగు వేశాడో లేదో వెనక నుంచి ఎవరో పిలిచారు. చిన్న వయసు మనిషి. కడుపు ఎత్తుగా ఉంది. చేతిలో ఖాళీ చెంబు. రాత్రే నారాయణపేట వైపు నుంచి కొత్త జోడీ దిగిందని మేస్త్రీ చెప్పాడు.

"ఈడ కాచిన నీళ్ళు పోస్తరంట గద అన్నా?"

సాయిలు వెనక్కి వచ్చాడు కానీ చెంబు అందుకోలేదు. "పోస్తం. గని ముందు నా సంగతి ఇను చెల్లె. నా భార్య మణెమ్మ ఈడనే పోయింది. కడుపుతోని ఉండంగ పోయింది. నా చేతి నీళ్ళు తీసుకోరు ఈడ. నువ్వే ముంచుకో. నేను అవతలికి పోత."

ఆ అమ్మాయి ఒక చెయ్యి నడుము మీద వేసుకుని నిలబడింది. వంగడం ఆమెకు కష్టంగా ఉన్నట్టుంది.

"దూపైతుందన్నా," అన్నది. "నువ్వే నీళ్ళు పొయ్యి."

అతను మూత తీశాడు. ఒక్క చుక్క కింద పడకుండా నెమ్మదిగా చెంబు నింపాడు. ఆమె అక్కడే నిలబడి సగం తాగి, మిగిలినవి పట్టుకుని తన షెడ్డుకు వెళ్ళిపోయింది. సాయిలు గుట్ట ఎక్కలేదు. పొయ్యి దగ్గరే కూర్చుని ఇంకెవరైనా వస్తారేమోనని చూశాడు. ఆ పొద్దున ఇంకెవరూ రాలేదు.